ఖాళీ ఇంటికి బిల్లెందుకు వచ్చింది? బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవారికి కరెంటు, గ్యాస్ లెక్కలు

మేం ఇక్కడ అద్దె ఇంట్లో దిగిన మొదటి ఏడాది సంక్రాంతికి ఊరెళ్లి ఐదు వారాలు ఉండి వచ్చాం. వెళ్లేముందు ఫ్రిజ్, బాయిలర్‌తో (గ్యాస్‌తో ఇంటినీ నీళ్లనూ వేడిచేసేది) సహా అన్నీ ఆపేశాం కాబట్టి ఆ నెల బిల్లు సున్నా అనుకున్నాం. తీరా చూస్తే బిల్లు వచ్చింది. మీటరు పాడైందేమోనని ఫోన్ చేసి కాసేపు వాదించాను కూడా. మీటరుకేం కాలేదు, స్టాండింగ్ చార్జ్ అనే మాట నేనే అప్పటిదాకా వినలేదు. (జనవరిలో బాయిలర్ ఆపేసి వెళ్లడం అంతకంటే పెద్ద తప్పు. చలికి పైపులు గడ్డకట్టి పగలకపోవడం మా అదృష్టం.)

స్టాండింగ్ చార్జ్ అంటే మీ ఇంటికి లైను ఉన్నందుకు రోజుకింత అని కట్టే డబ్బు. కరెంటుకొకటి, గ్యాస్‌కొకటి. స్విచ్ వేసినా వేయకపోయినా పడుతుంది. వైర్లు, పైపుల నిర్వహణ, మీటర్లు, కొన్ని ప్రభుత్వ పథకాల ఖర్చు అందులోంచే వెళ్తాయి. 2021-22లో గ్యాస్ ధరలు పెరిగి చాలా చిన్న కంపెనీలు మూతపడ్డాయి. వాటి కస్టమర్లను వేరే కంపెనీలకు మార్చిన ఖర్చును కూడా అందరి స్టాండింగ్ చార్జ్‌లోనే కలిపారు. మన బిల్లుల్లో ఫిక్స్‌డ్ చార్జీ ఉంటుంది కదా, దాదాపు అలాంటిదే. కాకపోతే అక్కడ కిలోవాట్ లోడుకు నెలకింత, ఇక్కడ రోజుకింత.

ఇక ప్రైస్ క్యాప్, అంటే కంపెనీలు వసూలు చేసే రేట్లకు పెట్టిన గరిష్ఠ పరిమితి. ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ 2019 జనవరి నుంచి దీన్ని అమలు చేస్తోంది. ఇప్పుడు మూడు నెలలకోసారి, అంటే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో మారుతుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌కు మాత్రమే వర్తిస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో దిగినవారికి పద్ధతి వేరు.

కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. 2025 చివర్లో వార్తల్లో ‘క్యాప్ 1,755 పౌండ్లు’ అని వచ్చింది. అది విని, ఎంత వాడినా అంతకు మించి కట్టక్కర్లేదని మా పక్కింటి కుర్రాడు హీటర్ రాత్రంతా వేసుకునేవాడు. మీ మొత్తం బిల్లుకు పరిమితంటూ ఏమీ లేదు. యూనిట్ రేటుకు, స్టాండింగ్ చార్జ్‌కు మాత్రమే పరిమితి. ఆ 1,755 ఎలా వచ్చిందో 2025 అక్టోబర్-డిసెంబర్ రేట్లతో చూడండి. కరెంటు యూనిట్ 26.35 పెన్స్, గ్యాస్ యూనిట్ (బిల్లులో ఇదీ కిలోవాట్-అవరే) 6.29 పెన్స్. స్టాండింగ్ చార్జ్ రోజుకు కరెంటుకు 53.68, గ్యాస్‌కు 34.03 పెన్స్. ఏడాదికి 2,700 యూనిట్ల కరెంటు, 11,500 యూనిట్ల గ్యాస్ వాడే సగటు ఇల్లు అనుకుని లెక్క కడితే వాడకానికి 1,435, స్టాండింగ్ చార్జ్‌లకు 320 పౌండ్లు. కలిపితే 1,755. ఇవి డైరెక్ట్ డెబిట్‌లో (బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే పోయేలా) కట్టేవారి సగటు రేట్లు, 5 శాతం వ్యాట్ కలిపే ఉంటుంది. ఊరిని బట్టి మారతాయి: కరెంటు స్టాండింగ్ చార్జ్ లండన్‌లో తక్కువ, లివర్‌పూల్, ఉత్తర వేల్స్ వైపు ఎక్కువ.

ఆ రెండు స్టాండింగ్ చార్జ్‌లూ కలిపి రోజుకు 87.71 పెన్స్ అంటే చిన్నగానే కనిపిస్తుంది. ఒంటరిగా ఉండే మనిషి వేసవి నెలలో 100 యూనిట్ల కరెంటు, 100 యూనిట్ల గ్యాస్ వాడాడనుకోండి. వాడకం దాదాపు 33 పౌండ్లు, స్టాండింగ్ చార్జ్ 26 పౌండ్లు. బిల్లులో సగానికి కాస్త తక్కువ! పొదుపు చేసేవాడికే ఇది ఎక్కువ కష్టంగా ఉంటుందని నా బాధ.

మన స్లాబుల అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది కాబట్టి నెలాఖరున మీటరు చూసి ఏసీ ఆపేస్తాం. ఇక్కడ మామూలు టారిఫ్‌లో మొదటి యూనిట్‌కూ వెయ్యో యూనిట్‌కూ ఒకటే రేటు. చూసుకోవాల్సింది కరెంటు వాడుతున్నారా, గ్యాస్ వాడుతున్నారా అన్నది. రైస్ కుక్కర్, మిక్సీ గురించి టెన్షన్ పడకండి, ఒక పూట అన్నానికి పది పెన్స్ కూడా కాదు. రెండు కిలోవాట్ల ఫ్యాన్ హీటర్ ఐదు గంటలు వేస్తే మాత్రం పై రేట్లతో 2 పౌండ్ల 60 పెన్స్ పైనే. అంతే వేడి గ్యాస్ బాయిలర్ నుంచి 70 పెన్స్‌కు వస్తుంది. గ్యాస్ లేని ఫ్లాట్ అయితే ఒక స్టాండింగ్ చార్జ్ తప్పుతుంది, కానీ చలికాలంలో కరెంటుతో కాగే గదులు ఆ ఆదాను తినేస్తాయి. అద్దె తక్కువని తీసుకునేముందు హీటింగ్ దేనితోనో అడగండి.

ఇంట్లో దిగిన రోజే, సామాను విప్పకముందే, రెండు మీటర్ల రీడింగులూ ఫోటో తీసి పెట్టుకోండి. అంతకుముందున్నవాళ్ల వాడకం మీ ఖాతాలో పడకుండా అదే ఆధారం. అప్పటిదాకా ఆ ఇంటికి ఇస్తున్న కంపెనీయే మొదట్లో మీకూ ఇస్తుంది. బిల్లు మీరే కడుతుంటే తర్వాత మార్చుకోవచ్చు. కరెంటు డబ్బు ల్యాండ్‌లార్డ్‌కే ఇస్తుంటే, తాను కంపెనీకి కట్టే రేటు కంటే ఎక్కువ తీసుకునే హక్కు అతనికి లేదు. స్మార్ట్ మీటర్ లేకపోతే నెలనెలా రీడింగ్ పంపాలి, లేదంటే అంచనా బిల్లు వస్తుంది. ఫిర్యాదుకు ఎనిమిది వారాల్లో పరిష్కారం రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు.

ఫిక్స్‌డ్ టారిఫ్‌లు, అంటే ఒప్పుకున్న గడువుదాకా రేటు మారనివి, క్యాప్ కిందికి రావు. యూనిట్ రేటు తక్కువ చూపించి స్టాండింగ్ చార్జ్ ఎక్కువ పెట్టేవి ఉంటాయి. యూనిట్ రేటును మీ ఏడాది వాడకంతో, స్టాండింగ్ చార్జ్‌ను 365 రోజులతో గుణించి, కలిపి చూసుకోండి. మధ్యలో మానేస్తే కట్టే ఫీజు ఎంతో కూడా చూడండి. గడువు చివరి 49 రోజుల్లో ఆ ఫీజు ఉండదు.

టాప్ అప్ చేసుకునే ప్రీపేమెంట్ మీటరు ఉన్నవాళ్లకు ఇండియా ప్రయాణం విషయంలో ఇంకో మాట. మీరు లేకపోయినా బ్యాలెన్స్‌లోంచి రోజూ స్టాండింగ్ చార్జ్ పోతూనే ఉంటుంది. బ్యాలెన్స్ అయిపోతే బాకీగా పేరుకుని, తిరిగొచ్చి వేసే మొదటి టాప్ అప్‌లోంచి కోసుకుంటుంది. ఐదు వారాలకు పై రేట్లతో దాదాపు 31 పౌండ్లు. శీతాకాలమైతే బాయిలర్ ఆపకుండా తక్కువ వేడిలో ఉంచి, దానికి సరిపడా గ్యాస్ కూడా వేసి వెళ్లండి.