ఉష్ణమండల హార్వెస్ట్‌మన్ ఏ కుటుంబానిదో గుర్తించడం ఎలా

తల, పొట్ట మధ్య సన్నని నడుము లేకుండా ఒంటి ముద్దగా ఉండి, వీపు మీద మామూలుగా రెండే కళ్లుంటే అది సాలెపురుగు కాదు, సాలెపురుగులా ఎనిమిది కాళ్లుండే వేరే జీవి హార్వెస్ట్‌మన్. పట్టుకుంటే కాళ్లు ఇట్టే ఊడిపోతాయి, మళ్లీ మొలవవు. అందుకే సీసాకు ఒకటే వేయండి. భద్రపరచడానికి 70–80 శాతం ఇథనాల్ చాలు, డీఎన్‌ఏ తీయాలంటే మాత్రం 95 శాతానికి తగ్గకూడదు. అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, దొరికిన చోటు పెన్సిల్‌తో చీటీ మీద రాసి సీసా లోపలే వేయండి.

మైక్రోస్కోప్ కింద మొదట చూడాల్సింది నోటి పక్కనుండే పెడిపాల్ప్‌లు. అవి ముళ్లతో దృఢంగా, చివర బలమైన గోరుతో ఉంటే లానియటోరిస్ ఉపక్రమం. ఉష్ణమండలంలో వైవిధ్యమంతా ఎక్కువగా దీనిదే. సన్నగా చిన్న కాళ్లలా ఉంటే చాలావరకు యూప్నాయ్ ఉపక్రమం. ఒళ్లంతా కలిపి కొద్ది మిల్లీమీటర్లే ఉండి, నల్లిలా కనబడుతూ, పక్కల శంకువుల కొసన వాసన గ్రంథుల రంధ్రాలుంటే సైఫోఫ్తాల్మి ఉపక్రమం.

ఒక తిరకాసుంది. కాస్మెటిడే కుటుంబం లానియటోరిస్‌లోదే అయినా దాని పెడిపాల్ప్‌లు బల్లపరుపుగా ఉండి నోటిని కప్పేస్తాయి. ముళ్లు లేవని కంగారుపడకుండా వెనక రెండు జతల కాళ్ల చివర చూడండి. ఒక్కో కాలికి రెండేసి గోళ్లుంటే లానియటోరిస్‌లోని గ్రాసటోరిస్ శాఖ. యూప్నాయ్‌కి ఒకటే ఉంటుంది.

తర్వాత నాలుగు జతల పాదాల్లో కణుపులు లెక్కపెట్టాలి. ఈ లెక్కకు విలువుంది గానీ అతిగా నమ్మకూడదు. 1923లో జర్మన్ శాస్త్రవేత్త రోవర్ ప్రపంచ హార్వెస్ట్‌మన్‌లన్నిటినీ క్రోడీకరించినప్పుడు ప్రజాతులను విడదీయడానికి ఈ సంఖ్య మీద బాగా ఆధారపడ్డాడు. తీరా చూస్తే ఒకే జాతిలో, ఒక్కోసారి ఒకే జీవి కుడి ఎడమ కాళ్లలో కూడా తేడా వస్తుంది. ఆయన పెట్టిన ప్రజాతులు చాలావాటిని తర్వాతివాళ్లు కలిపేశారు. పిల్లల్లో కణుపులు ఇంకా తక్కువ, వాటిని పక్కన పెట్టండి. జాతి తేల్చాలంటే మగదాని జననాంగం చూడక తప్పదు.

చివర్లో పటంతో సరిచూసుకోండి. కాస్మెటిడే, గోనిలెప్టిడే అమెరికా ఖండాలవే. గోనిలెప్టిడేకి బ్రెజిల్ అట్లాంటిక్ అడవి పెద్ద నిలయం. ఎపెడానిడే ఆగ్నేయాసియాది. అస్సామిడే ఆఫ్రికా నుంచి దక్షిణాసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా ఉంటుంది. సైఫోఫ్తాల్మిలో పెటాలిడే శ్రీలంక, మడగాస్కర్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చిలీల్లో ఉంది. ఇది ఒకప్పటి దక్షిణ మహాఖండం గోండ్వానా ముక్కలైన తీరుకు సరిపోతుంది. జాల్మాక్సిడే అలా కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లోనూ పసిఫిక్ దీవుల్లోనూ ఉంది, కారణం సముద్రం దాటి వ్యాపించడమే. కాబట్టి దొరికిన చోటు పొసగలేదని గుర్తింపును కొట్టేయకండి, గోళ్లు మళ్లీ చూడండి.