షుగర్ పడిపోయి చేతులు వణుకుతుంటే ఏం చేయాలి?

పొద్దున మాత్ర వేసుకున్నారు, ఏదో పనిలో పడి టిఫిన్ రెండు ఇడ్లీలతో సరిపెట్టారు. పదకొండయ్యేసరికి చేతుల్లో వణుకు, ఒళ్లంతా చల్లటి చెమట, గుండె దడ, ఊరికే ఇంట్లోవాళ్ల మీద చిరాకు. షుగర్ మాత్రలు వాడేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. నాకు మొదటిసారి వచ్చినప్పుడు బీపీ అనుకుని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అస్సలు చేయకూడని పని అదే.

1. ముందు కూర్చోండి. బండి మీద ఉంటే పక్కకి ఆపండి, ఇల్లు రెండు కిలోమీటర్లే అయినా సరే.

2. మీటర్ దగ్గరుంటే చేతులు కడుక్కుని చూడండి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది. 70 కంటే తక్కువుంటే లో షుగర్, 54 కంటే తక్కువైతే మరీ ప్రమాదం. మీటర్ లేకపోతే దానికోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు, నేరుగా మూడో పనికి వెళ్లండి.

3. 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకోవాలి, అంటే సుమారు మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగడం. అది లేకపోతే మూడు చెంచాల పంచదార, లేదా అర గ్లాసు పళ్లరసం. లడ్డూ, చాక్లెట్ లాంటివి ఇప్పుడు పనికిరావు, వాటిలోని నెయ్యీ కొవ్వూ చక్కెరని రక్తంలోకి త్వరగా చేరనివ్వవు. ఇంకో మెలిక ఉంది. మీ మాత్ర అట్ట మీద వోగ్లిబోస్ అనో అకార్బోస్ అనో ఉంటే పంచదార త్వరగా పనిచేయదు, ఎందుకంటే పంచదారని విడగొట్టే పనినే ఆ మందు నెమ్మది చేస్తుంది. వాళ్లు గ్లూకోజ్ పొడే వాడాలి.

4. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే తాగండి. ఈ పావుగంటే అసలు పరీక్ష, ఆకలికి ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేయాలనిపిస్తుంది, నేను ఒకసారి నాలుగు అరటిపళ్లు లాగించి రాత్రికి 300 చూశాను. షుగర్ పైకి వచ్చాక, భోజనానికి ఇంకా గంటకు పైగా ఉంటే నాలుగు బిస్కెట్లో, ఒక చపాతీయో తినండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గంటల తరబడి పనిచేస్తాయి కాబట్టి మళ్లీ పడిపోవచ్చు, పెద్దవాళ్లకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి మరీ ఎక్కువ. ఆ పూట ఒంటరిగా ఉండొద్దు.

ఇంట్లోవాళ్లకి ఈ ఒక్కటీ ముందే చెప్పి ఉంచండి: స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

బీపీకో గుండెకో ప్రొప్రనలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్లకి వణుకూ దడా తెలియకపోవచ్చు. వాళ్లు చెమటని నమ్ముకోవాలి.

ఇక నీరసం సంగతి. షుగర్ మామూలుకొచ్చినా ఆ రోజంతా ఒళ్లు పిండేసినట్టే ఉంటుంది, దానికి మళ్లీ చక్కెర మందు కాదు, విశ్రాంతే. కూరగాయలు కూర్చుని తరగండి, బట్టలు రేపు ఉతకొచ్చు. రోజూ నీరసమే అయితే మాత్రం "షుగర్ కదా, అంతేలే" అని వదిలేయకండి. షుగర్ 250, 300 ఉన్నా నీరసమే వస్తుంది, అందుకే చూడకుండా గ్లూకోజ్ తాగడం అలవాటు చేసుకోవద్దు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గవచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

వణుకు వచ్చిన ప్రతిసారీ టైమ్, ఏం తిన్నారు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, మీటర్ ఎంత చూపించింది అని ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి. వారంలో రెండుసార్లు అదే టైమ్‌కి వస్తోందంటే డోసు మార్చాల్సి రావచ్చు. ఆ నిర్ణయం మీరే తీసుకుని మాత్ర మానేయకండి. ఏకాదశి ఉపవాసానికీ రోజాకీ ముందే అడగండి.

నా గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. ఒకసారి బ్యాగులో పెట్టాను, కిక్కిరిసిన బస్సులో బ్యాగు ఎక్కడో ముందు పైన, నేను వెనక మెట్ల దగ్గర.