గోమార్లు కుక్క మీద కాదు, గోడలో ఉంటాయి

మాది దేవరకొండలో పాత రాతి ఇల్లు. కింద షాబాదు బండలు, గోడల నిండా నెర్రెలు. మా కుక్క నల్లోడి చెవుల్లోంచి రోజూ గోమార్లు పీకేదాన్ని. తెల్లారేసరికి మళ్లీ అన్నే. ఒక రాత్రి వాడు పడుకునే గోనెసంచి ఎత్తి టార్చ్ వేస్తే, గోడ నెర్రెలో ఆముదం గింజల్లా ఉబ్బినవి వరసగా కనపడ్డాయి. పక్కనే గుడ్ల కుప్ప. ఆడ గోమారి రక్తం తాగి రాలిపోయి, ఇలాంటి సందుల్లో చేరి వేలల్లో గుడ్లు పెడుతుందట. నేనేమో కుక్కనే రుద్దుతున్నా!

అందుకే ముందు ఇల్లు చూడండి. డాక్టరు చెప్పిన మందు నెర్రెల్లో కొట్టించి, అది ఆరేదాకా కుక్కను బయట కట్టేయండి. తర్వాత సిమెంటు పూయించండి. గోనెసంచి తీసేసి పాత చీర పరిచి, వారానికోసారి మరిగే నీళ్లలో వేసి ఉతకండి. మన దగ్గర చలికాలంలోనూ గోమార్లు చావవు.

కుక్కకైతే మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కలు, నెలకోసారి. నేను మరచిపోకుండా అమావాస్యకు వేస్తా. వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే పడాలి. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. మందు బరువును బట్టి కాబట్టి, వాణ్ణి ఎత్తుకొని మిషనెక్కి నా బరువు తీసేస్తా (నా అంకె అడక్కండి).

కరిచి ఉన్నదాన్ని ప్లక్కర్‌తో చర్మానికి ఆనించి పట్టుకొని నిటారుగా లాగి, సబ్బు నీళ్లలో వేయండి. కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు, గోటితో నలపొద్దు. బర్లకు కొట్టే మందు అస్సలు వద్దు: పక్కింటివాళ్లు పూస్తే వాళ్ల కుక్క నోట్లోంచి చొంగ కారుతూ వణికిపోయింది. పర్మెత్రిన్ ఉన్న కుక్క మందు పిల్లికి తగిలితే ప్రాణమే పోవచ్చు.

జ్వరం, ముక్కులోంచి రక్తం, పాలిపోయిన చిగుళ్లు, కాఫీ రంగు మూత్రం, ఏది కనపడినా ఆ రోజే పశువుల దవాఖానకు తీసుకెళ్లి రక్త పరీక్ష చేయించండి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జబ్బు అయితే సాధారణంగా నాలుగు వారాల మాత్రలు రాస్తారు. పది రోజులకే తోక ఊపుతోందని ఆపేయకండి.

ఇక నట్టల (కడుపులో పురుగుల) మందు గొర్రెలకే అనుకుంటారు. కుక్కపిల్లలకు తల్లి పాలలోంచే నట్టలొస్తాయి. రెండు వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నెలలదాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి వేయించాలి. నల్లోడి తోక కింద బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే డాక్టరు బద్దెపురుగు అన్నారు. దానికి మాత్ర వేరే.