లివర్ క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌కి ఊఁ అనేముందు

నెల్లూరు నుంచి పినాకిని ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగే మనవాళ్లు మొదట అడిగేది "గడ్డ ఎంతుంది, ఆపరేషన్ ఎప్పుడు" అనే. మిగతా లివర్ ఎంత పనిచేస్తోందో తేలకుండా దేనికీ ఒప్పుకోకండి.

రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైములు నార్మల్ అని సంబరపడొద్దు. అవి లివర్ దెబ్బతింటోందా అని చెబుతాయే గానీ దాని సత్తా చెప్పవు. బిలిరుబిన్ (కామెర్ల పసుపు), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు) చూసి, పొట్టలో నీరు, మెదడు మందగించడం కలిపి లివర్ సత్తా చెప్పే చైల్డ్-ప్యూ స్కోరు వేస్తారు. 5-6 వస్తే ఏ (లివర్ బాగానే పనిచేస్తున్నట్టు), 7-9 బీ, 10-15 సీ (బాగా దెబ్బతిన్నట్టు). రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, ఈమధ్య ఆల్బుమిన్ ఎక్కించినా ముందే చెప్పండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

లివర్ పాడై మెదడు మందగించే సంగతి మాత్రం ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి. మా మామయ్య పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, మేమేమో ప్రయాణం బడలిక అనుకున్నాం. అడ్మిషన్ ఫారం మీద సంతకం పెడుతుంటే చూశాను, చివరి అక్షరం వణికి గీత కిందకి జారిపోయింది. అప్పుడు గానీ డాక్టరుకి చెప్పలేదు. రోజూ ఒక నోటుబుక్కులో సంతకం చేయించండి, విరేచనం సాఫీగా అవుతోందో లేదో కూడా రాయండి, మలబద్ధకమూ మెదడు మీద పడుతుంది.

గడ్డని కోసి తీస్తామంటే మిగిలే లివర్ ఎంత శాతమో అడగండి. మంచి లివర్‌కి కనీసం 20, సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) ఉంటే 40 దాకా కావాలి. బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ ఇంజెక్షన్ ఇస్తామంటే ముందు ఎండోస్కోపీ చేయించాలి, అన్నవాహికలో ఉబ్బిన నాళాలుంటే రక్తం పోయే ప్రమాదం ఉంది. పసరు మందులు ఆపేయండి, వాడి ఉంటే దాచకండి.