చెట్ల నీడన రీషీ సాగు: నేలలో మార్పును మీరే కనిపెట్టడం ఎలా?

రీషీ పుట్టగొడుగును చైనాలో లింగ్‌ఝీ అంటారు. శాస్త్రీయంగా ఇది గానోడెర్మా. అక్కడి రైతులు కర్ర దుంగలకు దీని విత్తనం ఎక్కించి, అడవి చెట్ల నీడన మట్టిలో పాతి పండిస్తారు. పాత దుంగల కాపు అయిపోయిన మడిలోనే వెంటనే కొత్త దుంగలు పాతితే దిగుబడి పడిపోతుందని వాళ్లకు అనుభవమే నేర్పింది. పుట్టగొడుగు తినేది కర్రనే అయినా, దాని ప్రభావం మట్టిలోని సూక్ష్మజీవుల దాకా పోతుంది. అందుకే దిగుబడి లెక్క రాసుకునే పుస్తకంలోనే మట్టి లెక్క కూడా రాసుకోండి. గునపం, మట్టి పులుపును చూపే పీహెచ్ కాగితాలు (పులుపు పెరిగితే పీహెచ్ తగ్గుతుంది), పాత తెల్లటి నూలు గుడ్డ ఉంటే చాలు.

ముందు చోటు చూసుకోండి

కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో ఈ పని అసలు వద్దు. కొబ్బరి మొదలు దగ్గర గోధుమరంగు బంక కార్చి, చెట్టును నిలువునా ఎండబెట్టే గానోడెర్మా తెగులు కోస్తా రైతులకు తెలిసిందే. ఆ తెగులును కలిగించేవి కూడా ఈ జాతి శిలీంధ్రాలే. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మట్టి కదపకూడదు. సొంత తోటలో, చెట్ల మొదళ్లకు దూరంగా చోటు వెతకండి. మామిడి, టేకు వంటి చెట్ల వేర్లతో కలిసి బతికే శిలీంధ్రాలు నేలలోంచి భాస్వరాన్ని చెట్టుకు అందిస్తాయి. లోతుగా తవ్వితే వేరుతోపాటు ఆ శిలీంధ్రాల సన్నని దారాలూ తెగిపోతాయి.

ఒకే రకం నీడ, ఒకే రకం మట్టి ఉన్న రెండు మడులు గుర్తుపెట్టండి. ఒకదానిలో దుంగలు పాతుతారు, రెండోది ఖాళీగా ఉంచుతారు. ఈ ఖాళీ మడి లేకపోతే తర్వాత కనబడే మార్పు దుంగల వల్ల వచ్చిందో, వానల వల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు. చాలామంది వదిలేసేది దీన్నే.

పాతకముందు

రెండు మడుల్లోనూ రాలిన ఆకులను పక్కకు తీసి, జానెడు పొడవు, జానెడు వెడల్పు, జానెడు లోతు మట్టి తవ్వి గోనెసంచి మీద పోయండి. వానపాములు లెక్కపెట్టండి. వాసన చూడండి. తెల్లని దారాలు కనబడితే రాసుకోండి. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట ఆగి, పీహెచ్ కాగితం ముంచండి. అర పాయింటు లోపు తేడాను పట్టించుకోకండి, కాగితానికి అంత కచ్చితత్వం ఉండదు. నత్రజని సంగతి తెలియాలంటే భూసార పరీక్షకు మట్టి పంపాల్సిందే.

పాతేటప్పుడు

ఆవిరిలో శుద్ధి చేసి, విత్తనం ఎక్కించి, నిండా తెల్లగా అల్లుకున్న దుంగలనే తీసుకోండి. ఇసుకపాలు ఎక్కువున్న మట్టిలో దించి, పైన సన్నగా మట్టి కప్పితే చాలు. చెదలకు భయపడి నేలలో పురుగుమందు పోస్తే, మీరు గమనించాలనుకున్న జీవులే ముందు చచ్చిపోతాయి.

అదే రోజున రెండు మడుల్లోనూ అరచేయంత నూలు గుడ్డ ముక్కలను నాలుగు వేళ్ల లోతున పాతండి. దుంగల మడిలో అవి దుంగలకు జానెడు దూరంలో ఉండాలి. రెండు మడులకూ ఒకేలా నీళ్లు పెట్టండి. తడిలో తేడా వస్తే పరీక్షంతా వృథా.

రెండు నెలల తర్వాత

గుడ్డలు మెల్లగా తీయండి, లాగితే చిరుగుతాయి. సూక్ష్మజీవులు చురుగ్గా ఉన్న నేలలో నూలు జల్లెడలా మారిపోతుంది. దుంగల పక్కన గుడ్డ గట్టిగానే ఉండి, ఖాళీ మడిలో చివికిపోతే నత్రజని కొరత ఒక కారణం కావచ్చు. కర్రలో ఒక వంతు నత్రజనికి వందల వంతుల కర్బనం ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే శిలీంధ్రం చాలని నత్రజనిని చుట్టుపక్కల మట్టిలోంచి లాక్కోగలదు. పక్కనున్న చిన్న మొక్కల ముదురాకులు ముందుగా పసుపుబారుతున్నాయేమో కూడా చూడండి.

పీహెచ్ మళ్లీ చూడండి. కర్రను కుళ్లబెట్టే ఇటువంటి శిలీంధ్రాలు చాలావరకు ఆక్సాలిక్ ఆమ్లాన్ని వదులుతాయి కాబట్టి దుంగ చుట్టూ మట్టి కాస్త పులవవచ్చు. ఒక దుంగ పైకెత్తితే అడుగున మట్టి తెల్లని దారాలతో గడ్డకట్టి ఊడివస్తుంది. బాగా తిన్న కర్ర తెల్లబడి, బెండులా తేలికై, గోటితో నొక్కితే దిగిపోతుంది. గట్టి కర్రకు బలాన్నిచ్చే లిగ్నిన్‌ను లాకేజ్ వంటి ఎంజైములు కరిగించాయన్నమాట. నాకు ఈ సాగులో పుట్టగొడుగు కంటే అందంగా కనిపించేది ఇదే.

పుట్టగొడుగు ముదిరాక గొడుగు మీద కాఫీపొడి రంగు దుమ్ము పేరుకుంటుంది. అది బీజాల దుమ్ము. ఆ దశకు ముందే కోయండి, లేదా కాగితపు సంచి తొడగండి. గాయమైన చెట్ల మీద అది పడటం మంచిది కాదు.

కాపు అయిపోయాక

దుంగ రెండు మూడేళ్లు కాస్తుంది. ఆ తర్వాత కుళ్లిన ముక్కలను తోటలో వదలకుండా ఏరి తీసేయండి. మడి మీద రాలిన ఆకులు మందంగా పరిచి, దాన్ని కదపకుండా కనీసం రెండు మూడేళ్లు వదిలేయండి. కొత్త దుంగలు ఈ రెండూ కాక మరో మడిలో పాతుకోవచ్చు. అంత చోటు లేనివారికి, హిమాచల్‌లోని సోలన్ పుట్టగొడుగుల పరిశోధన కేంద్రం రూపొందించిన రంపపు పొట్టు సంచుల పద్ధతి మేలు. అది షెడ్డులోనే సాగుతుంది, తోట నేల మీద భారం ఉండదు.

వదిలేసిన మడిలో ప్రతి వానకాలం మొదట్లో గుడ్డ ముక్కలు మళ్లీ పాతండి, ఖాళీ మడిలోనూ పాతండి. ఆ గడువు దాటి, రెండు చోట్లా గుడ్డ ఒకేలా చివికిన ఏడాదే ఆ మడిలో మళ్లీ దుంగ దించండి.