స్పానిష్ ‘కెదార్’ క్రియ ఎక్కడ తప్పుతోంది: సమస్య - పరిష్కారం

నిఘంటువు తెరిస్తే కెదార్ పక్కన ‘మిగులు, ఉండు, సరిపోవు, కలవడానికి అనుకొను’ అని అర్థాల వరస కనిపిస్తుంది. అవన్నీ బట్టీపట్టినా మాట్లాడేటప్పుడు పనికిరావు. అర్థాన్ని తేల్చేవి క్రియకు ముందొచ్చే చిన్న సర్వనామం, వెనకొచ్చే చిన్న మాట. వాక్యం తేడా కొడితే ముందు ఆ రెండూ చూడండి.

(ఇక్కడ నొక్కి పలికే అచ్చును దీర్ఘంగా రాశాం. ‘క్వెడర్’ అని చదవకండి. మొదటిది క, తర్వాతది మెత్తని ద.)

సమస్య: ‘నాకు పది యూరోలు మిగిలాయి’ అనడానికి ‘యొ కేదొ దియేస్ ఏఉరొస్’ అంటున్నారు.

కారణం ఇంగ్లీషు. తెలుగులోంచి నేరుగా స్పానిష్‌కి వెళ్ళకుండా మధ్యలో ఇంగ్లీషు మీదుగా తిరిగి వెళ్తే ‘నేను’ కర్త అయి కూర్చుంటుంది. స్పానిష్‌లో మిగిలేది యూరోలు, కాబట్టి కర్త అవే. మీరు ‘నాకు’ మాత్రమే. ఈ విషయంలో తెలుగువాళ్ళకి పని తేలిక.

సరైనది: మె కేదన్ దియేస్ ఏఉరొస్. మిగిలింది ఒక్కటే అయితే కేదన్ కాదు, కేద. నాకు అంటే మె, నీకు తె, ఆయనకు లేదా ఆమెకు లె, మాకు నొస్, వాళ్ళకు లెస్. రొట్టె అయిపోతే: నొ కేద పాన్.

దీన్ని ఫాల్తార్ (తక్కువ పడు) అనే క్రియతో కలిపేస్తే కొట్టు దగ్గర ఇబ్బంది. ‘మె ఫాల్తన్ దియేస్ ఏఉరొస్’ అంటే పది యూరోలు తక్కువ పడ్డాయని. సమయం చెప్పేటప్పుడు మాత్రం రెండూ నడుస్తాయి: పరీక్షకి రెండు రోజులుంటే కేదన్ అన్నా, ఫాల్తన్ అన్నా ఒకటే.

సమస్య: బట్టలు, చెప్పుల కొలత చెప్పేటప్పుడు వాక్యం కుదరడం లేదు.

ఇదీ పై కోవలోదే. చొక్కా నాకు వదులైంది: ల కమీస మె కేద గ్రాందె. బూట్లు అయితే బహువచనం రెండు చోట్లా రావాలి: లొస్ సపాతొస్ మె కేదన్ గ్రాందెస్. చాలామంది క్రియను మార్చి విశేషణాన్ని వదిలేస్తారు. కమీస స్త్రీలింగం కాబట్టి బిగుతైతే ‘పెకేన్య’ అనాలి. బాగా సరిపోయిందంటే బియేన్. అది దేనికీ మారదు.

సమస్య: మాడ్రిడ్‌లో స్నేహితుడు ‘ఎ కెదాదొ కొన్ ఆన’ అన్నాడు. ఆన అనే ఆమె ఇంట్లో ఉండిపోయాడని మీరు అనుకున్నారు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. అతను అన్నది ‘ఆనను కలుస్తానని చెప్పాను’ అని. వాళ్ళింకా కలవలేదు కూడా. ముందు ‘మె’ చేరితే అర్థం తిరగబడుతుంది: మె ఎ కెదాదొ కొన్ ఆన, అంటే ఆన దగ్గరే ఉండిపోయాను.

కొన్ (‘తో’) తర్వాత మనిషికి బదులు వస్తువు వస్తే మళ్ళీ వేరు. కొట్టులో మూడు చొక్కాలు చూసి ‘మె కేదొ కొన్ ఏస్త’ అంటే ఇది తీసుకుంటానని. టాక్సీ దిగుతూ ‘కేదెసె కొన్ ఎల్ కాంబియొ’ అంటే చిల్లర ఉంచుకోండని.

ఏదైనా చేయాలని ఒప్పుకున్నప్పుడు ఎన్ వస్తుంది: కెదామొస్ ఎన్ బేర్నొస్ అ లస్ సేఇస్, ఆరింటికి కలుద్దామనుకున్నాం. మెక్సికోలో ఈ ఎన్ స్థానంలో ‘దె’ వినిపిస్తుంది. అది తప్పనుకుని దిద్దబోకండి.

సమస్య: ‘డాక్టర్ అయ్యాడు’ అనడానికి ‘సె కెదో మేదికొ’ అంటున్నారు.

సర్వనామం చేరిన రూపం కెదార్సెకి ‘అవు’ అనే అర్థం ఉంది కానీ అన్ని అవడాలకీ కాదు. ఏదో జరిగి ఒక స్థితిలో మిగిలిపోవడానికే వాడాలి: చూపు పోవడం, భార్య పోయి ఒంటరివాడవడం, తెలియకుండా నిద్ర పట్టేయడం. ఆఫీసుకి ఆలస్యమైనవాళ్ళ సాకు ‘మె కెదే దొర్మీదొ’, ఆడవాళ్ళయితే దొర్మీద. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే: మె ఎ కెదాదొ సిన్ బతెరీయ. చదువుకుని డాక్టర్ అయితే ‘సె ఈసొ మేదికొ’.

సమస్య: ‘ఆన ఎక్కడుంది?’ అనడానికి ‘దోందె కేద ఆన?’ అంటే నవ్వుతున్నారు.

కదలని చోట్లకే ఇది. బ్యాంకు, మందుల షాపు, ఊరు ఎక్కడుందో అడగొచ్చు. మనుషులకీ తాళాలకీ ఎస్తార్ (ఉండు) అనే క్రియ వాడాలి: దోందె ఎస్తా ఆన?

సమస్య: వర్తమానమో భూతమో తేలడం లేదు.

‘కేదొ’ నేను, ఇప్పుడు. ‘కెదో’ అతను, అప్పుడు. నొక్కు తప్పితే మనిషీ కాలమూ రెండూ మారిపోతాయి. కెదామొస్ మాత్రం రెండు కాలాలకీ ఒకటే రూపం, పక్కనున్న మాట చూసుకోవాల్సిందే. ‘కెదామొస్ మన్యాన?’ అంటే రేపు కలుద్దామా అని. చర్చ ఎటూ తేలక విసుగొస్తే ‘ఎన్ కే కెదామొస్?’ అంటారు: ఇంతకీ ఏం అనుకున్నట్టు?