బడిలో ఉగాది: పసిపిల్లల చేతులతోనే పచ్చడి

ఉగాది రోజున బడికి సెలవు. కాబట్టి వేడుక ముందురోజే పెట్టుకోవాలి. ముందురోజు అమావాస్య కదా అని వేరేచోట్ల వెనకాడతారేమో గానీ, ఉత్తరాంధ్రలో కొత్త అమావాస్య అంటేనే పండగ. అనకాపల్లి నూకాలమ్మ జాతర మొదలయ్యేది ఆ రోజునే. మన విశాఖ బడుల్లో వచ్చే చిక్కు వేరు. పచ్చడి ఎక్కడో తయారై గిన్నెలో వస్తుంది. పిల్లలు వరసలో నిలబడి అరచేయి చాపుతారు. చేదు తగలగానే సగంమంది ఉమ్మేస్తారు. అదే, తాను దంచిన బెల్లం, తాను పిసికిన చింతపండు అందులో ఉన్నాయని తెలిస్తే నాలుగేళ్ల పిల్ల అంత తేలిగ్గా ఉమ్మదు. అందుకే పచ్చడి పిల్లల ముందే, వాళ్ల చేతులతోనే కావాలి. కింద చెప్పే లెక్కలన్నీ ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు 30 మందికి సరిపోయేవి.

వారం ముందు చూసుకోవాల్సింది వేపచెట్టు. ఉగాది తేదీ ఏటా మారుతుంది: 2025లో మార్చి 30న విశ్వావసు, 2026లో మార్చి 19న పరాభవ. మార్చి మధ్యలోనే వచ్చిన ఏడు వేప ఇంకా మొగ్గల్లోనే ఉండొచ్చు. అలాంటప్పుడు కిందటేడు ఎండబెట్టి దాచిన పువ్వు ఎవరింట్లో ఉందో తల్లిదండ్రుల్ని ముందే అడిగి పెట్టుకోండి. అదీ దొరక్కపోతే రాత్రి నానబెట్టిన మెంతులు, మనిషికి రెండు గింజల చొప్పున, చేదుకు సరిపోతాయి. పువ్వు దొరకలేదని వేపాకు నూరి కలపొద్దు. వేపనూనె అయితే పసిపిల్లల నోటికి అసలు తగలకూడదు, అది వాళ్లకు విషమే.

పువ్వు కోయడానికి రహదారి దుమ్ము పడని చెట్టు, ఎనిమిది లోపు సమయం. గుత్తుల్ని పొడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డ మీద పరిచి, రెండు అరచేతుల మధ్య మెల్లగా నలపాలి. తెల్లటి రేకులు రాలతాయి, పచ్చటి కాడలు చేతిలో మిగులుతాయి. చేటలో ఒకసారి చెరిగితే మిగతా కాడలూ పోతాయి. కాడ పడితే చేదు రెట్టింపవుతుంది. పిల్లలు పచ్చడి వదిలేయడానికి చాలాసార్లు కారణం ఆ కాడే, పువ్వు కాదు. ఈ నలిపే పని ఐదేళ్ల పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు. గుడ్డ మీద పడిన పువ్వుల్లో పురుగులు కనిపిస్తే అవి పక్కన పెట్టడం కూడా వాళ్లకే అప్పగించండి.

మిగతావన్నీ ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతుబజార్లలో దొరుకుతాయి. కొనాల్సినవి: బెల్లం 300 గ్రాములు, కొత్త చింతపండు 60 గ్రాములు, మధ్యరకం పుల్లమామిడికాయ ఒకటి (250 గ్రాముల దాకా), అరటిపండ్లు రెండు, ఉప్పు ఒక టీస్పూను, మిరియాల పొడి పావు టీస్పూను, రాల్చిన వేపపువ్వు నాలుగైదు టేబుల్‌స్పూన్లు. అనకాపల్లి బెల్లం అడిగినప్పుడు తెల్లగా మెరిసేది కాకుండా ముదురు రంగుది తీసుకోండి. రంగు తేలడానికి కొందరు బెల్లంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కారానికి పచ్చిమిర్చి వద్దు. ఆ చేత్తోనే పిల్లలు కళ్లు నులుముకుంటారు. మిరియాల పొడితో ఆ భయం తక్కువ, అదీ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

మామిడికాయ విషయంలో మాత్రం తొందరపడొద్దు. ముచ్చిక దగ్గర కారే సొన లేత పెదాలకు తగిలితే పొక్కుతుంది. వేడుకకు ముందురోజు రాత్రే ముచ్చిక కోసి, కాయను గంటసేపు నీళ్లలో ఉంచి, రుద్ది కడగండి. తొక్క మొత్తం చెక్కేయకండి, వగరు ఎక్కువగా ఉండేది అందులోనే. ముక్కలు కోయడం కంటే తురమడం మేలు, గొంతుకు అడ్డం పడదు. పుట్నాలు, వేరుశనగలు, ద్రాక్ష, కొబ్బరి ముక్కలు రుచికి బాగానే ఉంటాయి గానీ ఈ వయసుకు వద్దు. కొబ్బరి కావాలంటే సన్నగా తురిమి వేయండి.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి పని పొద్దున్నే మొదలుపెట్టాలి. ఎనిమిదికి తోరణాలు, ఎనిమిదిన్నరకు ముగ్గు, తొమ్మిదికి పచ్చడి అనుకోండి. పదిలోపు తినడం అయిపోతుంది. అరటిపండు కలిపిన పచ్చడి విశాఖ ఉక్కపోతకు రెండు గంటలకు మించి ఆగదు.

తోరణానికి లేత చిగుళ్లు ఎంచుకుంటే పది గంటలకే వాడి వేలాడతాయి. ముదురు పచ్చటి ఆకులు 36 తెండి. మూడడుగుల గుమ్మానికి మూడంగుళాల ఎడంతో 12 ఆకులు పడతాయి కాబట్టి ఇవి మూడు గుమ్మాలకు సరిపోతాయి. వేడుకకు ముందురోజు సాయంత్రమే కొమ్మల్ని దులిపి బకెట్ నీళ్లలో ముంచాలి, లేకపోతే ఎర్రచీమలు తరగతి గదిలోకి వస్తాయి. ఇంట్లోలా చీపురుపుల్ల గుచ్చడం చిన్నచేతులకు మంచిది కాదు. కాగితాలకు రంధ్రాలు చేసే పంచింగ్ మిషన్‌తో తొడిమ వైపు రెండు రంధ్రాలు మీరు వేసివ్వండి, ఊలుదారం కొనకు సెల్లోటేపు చుట్టి ఇవ్వండి. బూటు లేసులా గట్టిపడిన ఆ కొనను పిల్లలు వాళ్లంతట వాళ్లే దూరుస్తారు. ఆకులు వంకరగా వచ్చినా సరిచేయకండి. తన ఆకు ఎక్కడుందో పిల్లకు గుర్తుంటుంది, వాళ్లమ్మకు చూపిస్తుంది.

ముగ్గు వరండాలోనే వేయించండి. ఆరుబయట పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలికి పిండి నిలవదు. చుక్కల ముగ్గు వాళ్లకు కష్టం. మీరు సుద్దముక్కతో పెద్ద పువ్వు గీసిస్తే రేకులు నింపడం వాళ్ల పని. బజారులో దొరికే రంగుపొడులు సన్నటి ధూళి, కళ్లలో పడతాయి. పసుపు కలిపిన బొంబాయి రవ్వ అయితే బరువుకు కిందే ఉంటుంది. బంతిపూల రేకులు ఇంకా మంచివి. పసుపు మరక పట్టుబట్టకు వదలదు, అందుకే పట్టులంగాలు ఇంటి పండగకు ఉంచి, బడికి నూలుబట్టలు వేసి పంపమని ముందే చెప్పండి.

ఇక పచ్చడి. సబ్బుతో చేతులు కడిగించి, ఐదుగురి చొప్పున ఆరు గుంపులు చేయండి, ఒక్కో గుంపుకు ఒక్కో రుచి. ముందు కలపడం కాదు, విడివిడిగా నాకడం. ఉప్పు ఒక రవ్వ, చింతపండు పులుసు ఒక బొట్టు, మామిడి తురుము, మిరియాల పొడి వేలి కొసకు అంటినంత, ఒక వేపపువ్వు, చివర బెల్లం. బెల్లం చివరే ఉండాలి, చేదు తర్వాత అది నోటికి ఎంత తియ్యగా అనిపిస్తుందో వాళ్ల ముఖాల్లోనే తెలుస్తుంది. వగరు అనే మాట చాలామంది పిల్లలకు అప్పుడే పరిచయం. "నాలుక పట్టేసినట్టుందా? అదే వగరు" అంటే చాలు. వద్దన్న పిల్లను బలవంతం చేయకండి. వాసన చూసినా చాలు.

కలిపేటప్పుడు పులుపు గుంపు 300 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 20 నిమిషాలు నానిన చింతపండును పిసుకుతుంది. గింజలు, ఈనెలు మీరు ముందే తీసి ఉంచాలి. వేలికి గాయమున్న పిల్లకు ఈ పని ఇవ్వకండి, మండుతుంది. తీపి గుంపు బెల్లాన్ని గుడ్డలో చుట్టి చిన్న రోకలితో దంచి, 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కరిగిస్తుంది. రెండూ జల్లెడ పట్టాలి, బెల్లం అడుగున ఇసుక, చెరకు పీచు తేలడం మామూలే. ఈ రెండింటికీ అర లీటరు మంచినీళ్లు కలిపి ఉప్పు, మిరియాలు, మామిడి తురుము, మెదిపిన అరటిపండు వేస్తే దగ్గర దగ్గర లీటరున్నర వస్తుంది. మనిషికి 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్‌స్పూన్లు. టీచర్లకు, ఆయమ్మలకు కూడా సరిపోతుంది.

వేపపువ్వు మాత్రం గిన్నెలో వేయకండి. నానేకొద్దీ చేదు మొత్తం పచ్చడికి దిగుతుంది. గ్లాసులో పోశాక ఎవరి చిటికెడు వాళ్లు పైన చల్లుకుంటారు. మూడు పువ్వులు వేసుకున్న పిల్లా సరే, పది వేసుకున్న పిల్లా సరే. కళాయి లేని ఇత్తడి గిన్నె, అల్యూమినియం గిన్నె పులుపుకు పనికిరావు. స్టీలుది వాడండి. కొత్త కుండ అందంగా ఉంటుంది, అయితే రాత్రంతా నీళ్లతో నింపి ఉంచాలి, లేకపోతే పచ్చడి పీల్చుకుని మట్టివాసన కొడుతుంది. గ్లాసులు ఇంటి నుంచి చిన్న స్టీలువి తెప్పించండి.

పంచాంగ శ్రవణం రెండు నిమిషాలు చాలు: సంవత్సరం పేరు, చైత్ర వైశాఖాలు వసంతమని, వానలు ఎప్పుడొస్తాయో, మామిడిపండ్లు ఎప్పుడు పండుతాయో. ఆదాయ వ్యయాలు, అవమానాలు పిల్లలకు చదవొద్దు. నేవీ, స్టీల్‌ప్లాంట్, పోర్టు కుటుంబాల వల్ల మన తరగతుల్లో రకరకాల ఇళ్ల పిల్లలుంటారు. మరాఠీ పిల్ల ఇంట్లో అదే రోజు గుఢీ పాడ్వా. ఒడియా, తమిళ, పంజాబీ, బెంగాలీ ఇళ్లలో కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో వస్తుంది. ఒడియా ఇళ్లలో ఆ రోజు మారేడు పండుతో పానకం చేస్తారు. "మీ ఇంట్లో ఎప్పుడు? ఏం తింటారు?" అని అడగండి, ఆ పిల్లల్ని ముందుకు పిలిచి చెప్పించండి. వేరే మతం ఇళ్లకు ముందే చీటీ పంపి, ఇది పూజ కాదని, ఆరు రుచులు చూడటమని వివరించండి. అదే చీటీలో తినకూడని పదార్థాలు ఏమైనా ఉన్నాయా అని కూడా అడగండి.

మిగిలిన పచ్చడి సీసాల్లో ఇంటికి పంపకండి, మధ్యాహ్నానికి పులుస్తుంది. దానికి బదులు మిగిలిన వేపపువ్వు చిటికెడు చిటికెడు కాగితం పొట్లాల్లో కట్టి, పొట్లం మీద పిల్ల పేరు రాసి ఇవ్వండి. మర్నాడు ఇంట్లో అమ్మమ్మో నానమ్మో పచ్చడి కలిపేటప్పుడు ఆ పొట్లం విప్పి చల్లాల్సింది ఆ పిల్లే.